ఏం గావాలె తల్లీ

"మూత గట్టిగ పెట్టు. మొన్న పప్పు కారి సంచంత ఖరాబైంది" అన్నాడు పరశురాం, గుమ్మంలో చెప్పులు తొడుక్కుంటూ.

ఆ 'మొన్న' జరిగి ఆరు నెలలైంది. కారింది ఒక్కసారే. సంచిని బండి మీద అడ్డంగా పడుకోబెట్టింది కూడా అతనే. అయినా పరశురాం నోట్లో ఆ పప్పు ఇంకా కారుతూనే ఉంది. చంద్రిక నాలుగు డబ్బాల మూతలు ఒకటొకటిగా నొక్కుతోంది. రెండు అతనివి, రెండు తొమ్మిదో తరగతి చదివే కూతురు శ్రేయవి. చంద్రికకు డబ్బా లేదు. ఆమె ఆశా వర్కరు. మెదక్‌లో తన బస్తీలోనే ఇల్లిల్లూ తిరిగే పని కాబట్టి ఆకలైతే ఇంటికొచ్చి తింటుందిలే అని ఆ ఇంట్లో అందరి లెక్క. పదకొండేళ్ల ఉద్యోగంలో ఆమె అలా మధ్యాహ్నం ఇంటికొచ్చి కూర్చుని తిన్న రోజులు తక్కువే. వస్తే అత్త యాదవ్వ మంచం మీంచే "వచ్చినవా బిడ్డా, జర గా బట్టలు తియ్యరాదు, మొగులైంది" అంటుంది. దానికంటే బస్తీలో ఎవరో ఒకరు ఇచ్చే చాయ్‌తో పొద్దు గడపడమే నయమనిపించేది.

మూడో మూత నొక్కుతుండగా గుండె ఒక్కసారి ఎగిరింది. ఎగిరినది మళ్లీ కుదురుగా కూర్చోలేదు. ఎవరో తరుముతుంటే పరుగెత్తినట్టు కొట్టుకోవడం మొదలుపెట్టింది. పెదాలు, వేళ్ల కొసలు తిమ్మిరెక్కాయి. ఎంత పీల్చినా ఊపిరి గొంతు దాకా వచ్చి అక్కడే ఆగిపోతోంది. స్టవ్వు, గిన్నెలు, నల్లా అన్నీ ఉన్నచోటే ఉన్నాయి కానీ అది తన వంటిల్లు కానట్టు, ఎవరింట్లోనో నిలబడి చూస్తున్నట్టు ఉంది. చచ్చిపోతున్నాననుకుంది. అనుకోవడం కూడా కాదు, ఖాయంగా తెలిసిపోయింది. అలా తెలిసిన క్షణంలో ఆమెకు వచ్చిన ఆలోచన ఏమిటో తర్వాత తలుచుకుంటే ముందు సిగ్గేసింది, ఆ తర్వాత ఏడుపొచ్చింది. నాలుగో డబ్బాకు ఇంకా మూత పెట్టలేదే అనుకుంది.

ఆ మూత కూడా నొక్కి, డబ్బాలు అందించి, వాళ్లు వెళ్లాక గోడ పట్టుకుని కూలబడింది. కరోనా రోజుల్లో బస్తీ వాళ్ల వేళ్లకు పెట్టి చూసేందుకు ఇచ్చిన చిన్న మిషన్ ఇంకా ఆమె సంచిలో ఉంది. బ్యాటరీలు అయిపోతే టీవీ రిమోట్‌వి తీసి వేసుకుంటుంది. దాన్ని వణుకుతున్న వేలికి తగిలించుకుంది. ఆక్సిజన్ తొంభై ఎనిమిది. గుండె నూట నలభై. ఇరవై నిమిషాల తర్వాత, వచ్చినదేదో వచ్చిన దారినే పోయింది. ఒంట్లోంచి ఎవరో ఎముకలన్నీ తీసుకుపోయినట్టు నీరసం మిగిలింది. లేచి గిన్నెలు తోమింది. తోమక ఏం చేస్తుంది, ఎనిమిదిన్నర దాటితే నల్లా రాదు.

ఇది ఎండాకాలం చివర్లో సంగతి. వారం తిరక్కుండా రెండోసారి వచ్చింది, ఆ తర్వాత మూడోసారి. మూడోసారి పరశురాం షాపు వదిలిపెట్టి వచ్చి ఒక ప్రైవేటు దవాఖానకు తీసుకుపోయాడు. అతనికి మోటారు వైండింగ్ షాపుంది. బోరు మోటారు తిరిగే చప్పుడు విని ఏ కాయిల్ కాలిందో విప్పకుండానే చెప్పే మనిషి. శంకరంపేట నుంచి కూడా రైతులు వెతుక్కుంటూ వస్తారు. దవాఖానలో ఈసీజీ తీశారు, బీపీ చూశారు, షుగర్ చూశారు. అన్నీ బాగున్నాయన్నారు. బయటికి వస్తూనే పరశురాం అన్నకు ఫోన్ చేశాడు. "ఏం లేదట అన్నా. ఉత్తగనే. గ్యాస్ అయ్యుంటదన్నడు" అన్నాడు. ఆ గొంతులో సంతోషం ఉంది, అబద్ధం చెప్పకూడదు. కానీ ఆ సంతోషం ఇంటికొచ్చేసరికి విసుగైంది. "ఏం లేనిదానికి ఒక పూట షాపు బందైంది" అన్నాడు చొక్కా విప్పుతూ.

ఏం లేదు. ఆ మాట చంద్రికకు రోగం కంటే బరువైపోయింది. ఏదో ఒకటి ఉంటే బాగుండునని దేవుణ్ని కోరుకునే దశకు వచ్చింది. గుండెలో రంధ్రమో, రక్తంలో లోపమో, కాగితం మీద రాసి చూపించే ఏదో ఒకటి. ఏమీ లేకుండా చచ్చిపోయేంత భయం ఎట్లా వస్తుంది? వచ్చినప్పుడు ఒక యాతన. రానప్పుడు ఇంకో యాతన, ఎప్పుడు వస్తుందోనని. కుక్కర్ విజిల్ కొడితే ఒళ్లు జల్లుమనేది. మీటింగుల్లో తలుపు పక్కన కుర్చీ చూసుకుని కూర్చునేది. బస్సెక్కడం మానేసింది. బజారుకు పొద్దున్నే, జనం రాకముందే వెళ్లివచ్చేది. మూడంతస్తుల ఇంట్లో బాలింతను చూడాల్సి వస్తే కింద మెట్ల దగ్గర నిలబడి ఫోన్ చేసి, కిందికి రమ్మనేది. పచ్చి బాలింతను మెట్లు దింపినందుకు ఆ ఇంటి ముసలామె తిట్టిన తిట్లు నిజమే కదా అనుకుంది. రోజురోజుకూ తాను తిరిగే ఊరు చిన్నదైపోయి, ఇల్లు, అంగన్‌వాడీ, మధ్యలో రెండు గల్లీలు మిగిలాయి.

అంగన్‌వాడీలో టీకాలు వేసే రోజు నర్సు ఫేబ సిస్టర్ ఇది పట్టేసింది. ఫేబ ముప్పై ఏళ్లుగా మెదక్‌లో సూదులు వేస్తున్న మనిషి. పిల్లల ఏడుపుల మధ్య చంద్రిక చేతిలో రిజిస్టరు వణకడం చూసి, పని అయిపోయాక తలుపు దగ్గరికి వేసి కూర్చోబెట్టింది. ఎప్పటినుంచి, ఎంతసేపు, వచ్చినప్పుడు ఏమనిపిస్తుంది, అన్నీ అడిగింది. అన్నిటికీ జవాబు చెప్పేసరికి చంద్రికకు ఒక విచిత్రం తట్టింది. ఇన్ని ప్రశ్నలు తను ఇతరులను అడగడమే తప్ప తననెవరూ ఇంతవరకు అడగలేదు.

"మీ ఆయన షాపుల స్టార్టర్ ఉంటది గదా" అంది ఫేబ. "కరెంటు ఎక్కువొస్తే మోటారు కాలకుండ ట్రిప్ కొడుతది. మంచిదే, దాని పని అది. కానీ ఒక్కోసారి కరెంటు మంచిగున్నా, మోటారు మంచిగున్నా, స్టార్టర్ ఊకె టప్పున కొడుతుంటది. నీ ఒంట్ల గదే అయితుంది. పులి ఎంటబడ్డప్పుడు ఉరకనీకె పెట్టిన బుగులు, పులి లేకున్నా లేస్తుంది. పానిక్ అటాక్ అంటరు. మళ్ల మళ్ల వచ్చి, ఎప్పుడొస్తదో అని నువ్వు బతుకుడే తగ్గించుకుంటున్నవ్ చూడు, అప్పుడు దాన్ని జబ్బంటరు. దాంతోని సావవు. మందులున్నయ్, మాట్లాడి తగ్గించే పద్ధతి ఉంది. పెద్ద దవాఖానకు శుక్రవారం మనసు డాక్టరమ్మ వస్తది. పో."

"నాకు పిచ్చా సిస్టర్?"

"షుగరొస్తే పిచ్చంటమా? నువ్వే బస్తీల అందరికి చెప్తవ్, నీకు నేను చెప్పాల్నా?"

పోయేముందు ఊపిరి వదలడం నేర్పింది. ముక్కుతో మెల్లగా తీసుకోవాలి, మూతి సున్నాలా చుట్టాలి, వేడి పాలు చల్లార్చినట్టు "హూ..." అని పొడుగ్గా ఊదాలి. వచ్చినప్పుడు పారిపోకుండా నిలబడి, ఊదుతూ ఉండాలి. అది దానంతటదే దిగిపోతుంది. చంద్రిక ఇంటికి పోయి స్నానాల గదిలో గడియ పెట్టుకుని పదిసార్లు ఊదింది. తనకున్నదానికి ఒక పేరుందని తెలియడమే సగం మందులా పనిచేసింది. ఆ రాత్రి హాయిగా నిద్రపోయింది.

మిగతా సగం మందు శుక్రవారం దగ్గర చిక్కుకుంది. శుక్రవారం ఇల్లు కడగాలి, గడపకు పసుపు రాయాలి, యాదవ్వ దీపం పెట్టేదాకా పచ్చి మంచినీళ్లు ముట్టదు కాబట్టి అన్నీ ఆమె చేతికి అందివ్వాలి. "సుక్కురారం పూట దవాఖాన మొకం చూసుడేంది?" అని ఒక వారం. శ్రేయ స్కూల్లో మీటింగని ఒక వారం. మూడో వారం పరశురాంతో ధైర్యం చేసి చెప్పింది. అతను టీవీ గొంతు తగ్గించి, వీధి తలుపు వైపు చూసి, మెల్లగా అన్నాడు. "మెంటల్ డాక్టర్ దగ్గరికా? నలుగురు చూస్తే ఇజ్జత్ ఏమైతది? రేపు పోరికి సంబంధాలు చూడొద్దా? నీకేం తక్కువైందని బుగులు? మా అమ్మ నీకు అడ్డమస్తుందా, నేను తాగొచ్చి కొడుతున్ననా?"

నిజమే, కొట్టడు. మంచివాడని బస్తీలో పేరు. కొట్టకపోవడాన్ని కూడా ఖాతాలో రాసుకునే మంచితనం. చంద్రికకు తక్కువైంది కాదు, ఎక్కువైంది. పొద్దున నాలుగున్నరకు లేచి పడుకునేదాకా ఒంటి మీద ఒకదాని మీద ఒకటి పేరుస్తూ పోయారు, తను మోస్తూ పోయింది. బరువును చూపించమంటే ఏది చూపిస్తుంది? ఏదీ చూపించేటంత పెద్దది కాదు. ఒక మూత. ఒక బట్టల తాడు. ఒక గడప.

ఈ లోపల శ్రావణమాసం వచ్చింది, పోచమ్మ బోనాలు వచ్చాయి.

బోనాలంటే యాదవ్వకు ఏటా పాత గాయం కెలికినట్టే. ఆమె అత్త మీదికి అమ్మవారు వచ్చేదట. ముప్పై ఏళ్లు ఆ ఇంటి బోనం వస్తుంటే గల్లీ అంతా పక్కకు జరిగి దారిచ్చేదట. అత్త పోయాక యాదవ్వ ఏటేటా బోనమెత్తి ఎదురుచూసింది. రాలేదు. "నేనేం పాపం చేసిన్నో, నా మీదికి ఒక్కనాడు సిగం రాకపాయె" అని ఇప్పటికీ కళ్లొత్తుకుంటుంది. మంచి మనసున్నప్పుడు చంద్రికకు ఇంకో సంగతి కూడా చెప్పేది. "మా అత్త సంవచ్చరమంత గొడ్డు లెక్క చేసేది బిడ్డా. గా ఒక్క దినం కూసోబెట్టి కాళ్లు కడిగేటోళ్లు. మా మామ సుత కడిగేటోడు." చెప్పి తన కాళ్ల వైపు చూసుకునేది. ఆ చూపులో ఏముందో చంద్రిక ఎప్పుడూ అడగలేదు.

ఆదివారం తెల్లవారుజామునుంచి చంద్రిక పొయ్యి దగ్గరే ఉంది. ఉపవాసం, మంచినీళ్లు కూడా లేవు. వచ్చిన చుట్టాలకు వంట, బోనానికి బెల్లపన్నం, కుండకు పసుపు, కుంకుమ, వేపమండలు. మధ్యాహ్నం రెండింటికి తలమీద కుదురు పెట్టి బోనమెత్తారు. పైన దీపం. గల్లీ ఇరుకు, ముందూ వెనకా జనం, నెత్తిన ఎండ, చెవి పక్కనే డప్పులు. మూడు నెలలుగా ఆమె తప్పించుకు తిరుగుతున్నవన్నీ ఒక్కచోట పోగై ఎదురొచ్చాయి. పదడుగులు వేసిందో లేదో, గుండె లేచింది.

పారిపోవద్దు, నిలబడు, ఊదు. ఫేబ మాట గుర్తొచ్చింది. చంద్రిక నిలబడింది. మూతి చుట్టి "హూ..." అని ఊదింది. ఇంకోసారి. "హూ..." చేతులు వణుకుతున్నాయి. ఎవరో చటుక్కున బోనం అందుకున్నారు. కుదురు జారి కొప్పు ఊడి జుట్టంతా మొహాన పడింది. కళ్లు మూసుకుని ఇంకా గట్టిగా ఊదింది. "హూ..."

"వచ్చింది!" అని యాదవ్వ గావుకేక పెట్టింది. "వచ్చింది! నా ఇంటికి తల్లి మళ్ల వచ్చింది!"

ఇక చూడాలి. డప్పులు రెట్టింపయ్యాయి. ఎవరో నెత్తిన బిందెడు పసుపు నీళ్లు కుమ్మరించారు, ఎవరో నోట్లో వేపాకు కుక్కారు, చేతిలో మండ పెట్టారు. ఆమె తగ్గించుకోవడానికి ఎంత ఊదితే అంత ఎక్కువగా అమ్మవారు పలుకుతోందని చేతులు జోడించారు. నర్సు నేర్పిన వైద్యం పోచమ్మ పూనకమై కూర్చుంది. "ఎవరు తల్లీ నువ్వు? పోచమ్మవా, ఎల్లమ్మవా? ఏం గావాలె తల్లీ? చెప్పు, ఏం తక్కువ చేసినం?" అని పది గొంతులు ఒకేసారి అడిగాయి. అందులో ఒక గొంతు పరశురాంది.

ఆ గొంతు విని చంద్రిక కళ్లు తెరిచింది. తడిసిన జుట్టు సందుల్లోంచి చూస్తే ఆమె మొగుడు రెండు చేతులూ జోడించి, మొహం చిన్నబుచ్చుకుని నిలబడి ఉన్నాడు. "తప్పయితే చెంపలేసుకుంట తల్లీ, ఏం గావాలె?" అంటున్నాడు. పదహారేళ్ల కాపురంలో ఆ మాట ఆమెను ఎన్నడూ అడగలేదు. ఇప్పుడూ అడగడం లేదు. వేరే ఎవరినో అడుగుతున్నాడు.

"నీళ్లు" అంది చంద్రిక, నాలుక పిడచగట్టి. ఇంకో బిందె నెత్తిన పోశారు. "కూసుంట" అంది. అది మాత్రం సరిగ్గా అర్థమైంది. పీట వేసి కూర్చోబెట్టారు. పరశురాం ఇత్తడి చెంబుతో ఆమె కాళ్లు కడిగాడు, మడమల పగుళ్లలో మట్టి వేలితో రుద్ది మరీ కడిగాడు. గుండె మెల్లగా దిగుతోంది. నాకేం రాలేదు అని అప్పుడే చెప్పేయాల్సింది. చెప్పలేదు. కూర్చోవడం బాగుంది. కాళ్ల మీద నీళ్లు చల్లగా, బాగున్నాయి. ఎవరూ ఏ పనీ చెప్పడం లేదు. ఒక్క పది నిమిషాలు అనుకుంది, అంతలో చుట్టూ ఉన్నవాళ్లు ఆ మౌనాన్ని కళ్లకద్దుకున్నారు.

ఆ పూట గిన్నెలు తోటికోడలు తోమింది. రాత్రి పరశురాం తన కంచం తానే తీశాడు. సోమవారం పొద్దున నాలుగున్నరకు అలారం మోగింది. చంద్రిక లేచింది. "మూత గట్టిగ పెట్టు" అన్నాడు పరశురాం ఏడున్నరకు. అమ్మవారు వెళ్లిపోయినట్టే ఉంది.

కానీ యాదవ్వ వదిలే రకం కాదు. ఆమె వయసు పదేళ్లు తగ్గినట్టుంది. "వచ్చే ఐతారం నిన్ను పీట మీద కూసోబెడత. అడిగేటోళ్లు వస్తమంటుండ్రు" అని ప్రకటించింది. పరశురాం బండికి దండ వేశాడు. షాపులో ఎవరు వచ్చినా ఆ సంగతి చెబుతున్నాడట. మనసు డాక్టరు దగ్గరికి పోతే పోయే ఇజ్జత్, అమ్మవారు పూనితే రెండింతలై వచ్చింది. వచ్చినది అదే వణుకు, అదే గుండె. పెట్టిన పేరును బట్టి సిగ్గో, గొప్పో.

బట్టలు ఉతుకుతూ చంద్రిక ఆలోచించింది. నిజం చెప్పాలంటే ఆశపడింది. ఆదివారం పీట మీద కూర్చుని, జుట్టు విరబోసుకుని, ఈ పిల్లను రోజూ పగటిపూట ఒక గంట పడుకోనివ్వండి అని అమ్మవారి గొంతుతో అంటే? శుక్రవారం పెద్ద దవాఖానకు పంపండి, లేకుంటే కళ్లు పోతాయి అంటే? పంపుతారు. పరశురామే బండి మీద దిగబెడతాడు. పెళ్లాంగా అడిగితే దొరకనిది దేవతగా అడిగితే దొరుకుతుంది. యాదవ్వ అత్త కూడా ఇదే చేసిందా? ఆ తలపు వచ్చాక ఉతికిన చీరకే మళ్లీ సబ్బు రాసింది. ముప్పై ఏళ్లకు ముప్పై రోజులు. మిగతా రోజుల మాటేమిటి?

గురువారం సాయంత్రం బాలమణి వచ్చింది, వెంట కూతురు కృతికను పెట్టుకుని. బాలమణి పక్క గల్లీలో పూలమ్ముతుంది. డిగ్రీ చదివే కృతికకు కాలేజీ బస్సులో మూడుసార్లు ఊపిరాడక, చేతులు కొంకర్లు పోయి దించేశారు. ఇల్లు కదలడం లేదు. ఐదు రోజుల కింద సర్వేకు పోయినప్పుడు చంద్రికే గుర్తుపట్టింది. ఫేబ తనను అడిగినవన్నీ ఆ పిల్లను అడిగి, "ఇది బుగులు జబ్బు, తగ్గుతది, శుక్రవారం నేనే తోల్కపోత" అని మాటిచ్చింది. తనకు లేని శుక్రవారాన్ని ఆ పిల్లకు మాత్రం ధారాళంగా ఇచ్చేసింది.

"రేపు పొద్దుగాల తొమ్మిదింటికి పోదాం బాలమణక్కా" అంది చంద్రిక.

"ఇంక దవాఖాన ఎందుకు చంద్రికమ్మా!" అంది బాలమణి, చేతులు జోడిస్తూ. "నీ మీదికే తల్లొచ్చింది గదా. ఐతారం పీట మీద కూసున్నప్పుడు దీనికి బొట్టు పెట్టి, నోట్ల గింత సాక నీళ్లు పొయ్యి. గదే చాలు. దీనికి సుత అమ్మనే వస్తున్నట్టుంది, మేమే గుర్తుపట్టకపోతిమి. చదువు బందు పెట్టిచ్చి ఇంట్లనే ఉంచుదమనుకుంటున్నం."

"గట్లనే చెయ్యి. నేను మొదలే చెప్పలేదా" అంది మంచం మీంచి యాదవ్వ. పరశురాం అప్పుడే షాపు నుంచి వచ్చి చాయ్ తాగుతున్నాడు. అతనూ తలూపాడు.

కృతిక తల వంచుకుని నిలబడి ఉంది. పందొమ్మిదేళ్లు. చున్నీ కొసను వేలికి చుట్టి విప్పి మళ్లీ చుడుతోంది. మెల్లగా తలెత్తి చంద్రికను అడిగింది. "ఆంటీ, అమ్మ వచ్చినప్పుడు మీకు సుత సచ్చిపోతున్న అనిపించిందా? నాకు గట్లనే అనిపిస్తది. అది అమ్మనే అయితే ఇంక పోదు గదా ఆంటీ?"

ఆ పిల్ల కళ్లలో ఉన్నది భక్తి కాదు. తలుపులన్నీ మూస్తుంటే చూస్తున్న మనిషి కళ్లు అవి. చంద్రికకు తెలుసు. మూడు నెలలుగా అద్దంలో చూస్తోంది. తను ఒక్క మాట మింగితే ఈ పిల్లకు కాలేజీ లేకుండా పోతుంది, బస్సు పోతుంది, పెళ్లి చేసి పంపిన ఇంట్లో ఏడాదికొకసారి కాళ్లు కడిగించుకుంటూ బతుకుతుంది. భయం వేసింది. ఒంట్లోంచి లేచే ఆ భయం కాదు, మామూలు భయమే, ఎదురుగా మనుషులున్నప్పుడు వేసేది. గుండె కొట్టుకుంటుంటేనే మాట్లాడింది.

"నా మీదికి అమ్మ రాలే బాలమణక్కా."

యాదవ్వ లేచి కూర్చుంది.

"ఆ దినం నాకు బుగులొచ్చింది. మీ కృతికకు బస్సుల వచ్చేదే నాకు బోనం కింద వచ్చింది. హూ అని ఊదుడు ఫేబ సిస్టర్ నేర్పింది. పీట మీద కూసుంటే మంచిగనిపించి సప్పుడు జెయ్యకున్న. తప్పు నాది. నాకు మూడు నెలలసంది ఈ జబ్బుంది. రేపు దవాఖానకు కృతిక ఒక్కతె పోదు. ఇద్దరం పోతం."

"నోరు కడుక్కో! కండ్లు పోతయ్" అని అరిచింది యాదవ్వ. ఆ అరుపు సగంలో పగిలింది. "మా అత్తకు వచ్చింది గూడ అబద్ధమే అంటవా?"

"ఆమెకేమొచ్చిందో నాకెట్ల తెలుస్తది అత్తమ్మా? ఏం గావాలె తల్లీ అని అందరడిగిండ్రు. ఏమైతుంది బిడ్డా అని ఆమెను ఎవలన్న అడిగిండ్రా?"

యాదవ్వ గోడవైపు తిరిగి పడుకుంది. ముసలామె భుజాలు కదలడం చూసి చంద్రికకు జాలేసింది, కానీ ఆ జాలితో మాట వెనక్కి తీసుకోలేదు. బాలమణి అయోమయంగా అటూ ఇటూ చూసి, కూతురి చేయి పట్టుకుని వెళ్లిపోయింది. గుమ్మం దాటుతూ కృతిక వెనక్కి తిరిగి తొమ్మిది వేళ్లు చూపించింది.

"నలుగుట్ల తల ఎట్ల ఎత్తుకోవాలె?" అన్నాడు పరశురాం, వాళ్లు పోయాక. "పోచమ్మొచ్చిందని మొక్కినోళ్లే రేపు పిచ్చిదంటరు. అన్ని పరీక్షలు చేపిస్తి గదా. ఏం లేదన్నరు గదా."

"మోటారు మంచిగనే ఉంది. స్టార్టర్ ఊకె ట్రిప్ కొడుతుంది" అంది చంద్రిక. "గసొంటి స్టార్టర్ నీ దగ్గరికొస్తే మోటారు కాయిల్ విప్పి చూసి, ఏం లేదు పో అని పంపిస్తవా?"

పరశురాం చల్లారిన చాయ్ కప్పు పక్కకు నెట్టాడు. ఆ ఒక్క మాటతో మనిషి మారిపోయాడని చెబితే అది కథ అవుతుంది. మారలేదు. ఆ రాత్రి అన్నం తినకుండా అలిగి పడుకున్నాడు. చంద్రిక తిని పడుకుంది.

శుక్రవారం పొద్దున అన్నం, కూర వండి డబ్బాల్లో సర్దింది. గడప కడగలేదు. శ్రేయ వచ్చి తన డబ్బాలు రెండూ మూతలు పెట్టుకుని, తల్లి మొహం ఒకసారి చూసి, సంచిలో వేసుకుంది. పరశురాం డబ్బాలు రెండూ బండ మీద తెరిచి ఉన్నాయి, మూతలు పక్కనే ఉన్నాయి. చంద్రిక చీర మార్చుకుని, చెప్పులు వేసుకుని బయటికి నడిచింది. గల్లీ చివర కృతిక నిలబడి ఉంది. వెనక పూలబుట్టతో బాలమణి, ఎటూ తేల్చుకోలేని మొహంతో, కానీ వచ్చింది.

పెద్ద దవాఖానలో చిట్టీలు రాసే కిటికీ ముందు జనం కిక్కిరిసి ఉన్నారు. ఆ కిటికీ చంద్రికకు కొత్త కాదు. పదకొండేళ్లుగా గర్భిణులను, దగ్గు మనుషులను, నడవలేని ముసలివాళ్లను తీసుకొచ్చి వాళ్ల పేర్లు చెబుతూనే ఉంది. లైన్లో ముందూ వెనకా మనుషులు ఒరుసుకుంటుంటే వేళ్ల కొసల్లో తిమ్మిరి మొదలైంది. పక్కన కృతిక ఆమె చేయి గట్టిగా పట్టుకుంది. ఎవరు ఎవరిని పట్టుకున్నారో చెప్పలేం. ఇద్దరూ మూతులు చుట్టి, మెల్లగా, పొడుగ్గా ఊదారు. వెనకామె వింతగా చూసింది. ఎవరూ పసుపు నీళ్లు పోయలేదు.

"ఏం ఆశమ్మా, ఇయ్యాల ఎవలను తోల్కొచ్చినవ్?" అన్నాడు చిట్టీలు రాసే ఆయన, తలెత్తకుండానే.

"రెండు చిట్టీలు. మనసు డాక్టరమ్మకు. ఒకటి కృతిక, పందొమ్మిదేండ్లు."

"ఇంకోటి?"

"చంద్రిక. ముప్పై ఆరు."

రాశాడు. పదకొండేళ్ల పరిచయంలో ఆయనకు ఆ పేరు తెలియదు. కిటికీలోంచి చూసి, కృతికను చూసి, ఆమె వెనక వెతికాడు.

"ఈ చంద్రిక ఏది? మనిషి రావాలె గదా ఆశమ్మా, రాకుంటే డాక్టర్ చూడదు."

"వచ్చింది" అంది చంద్రిక. "నేనే."